అడివి బాపిరాజు

గోదావరీ తీరమున పుట్టి పెరిగిన ఆంధ్ర రచయితలలో అడివి బాపిరాజు విలక్షణమైనవాడు. ఆయన కవి, కథకుడు, నవలాకారుడు, చిత్రకారుడు, అధ్యాపకుడు, పత్రికా సంపాదకుడు. ఇన్ని విద్యలు ఒక్కనియందు చేరుట అరుదు. అయినను నేటి పాఠకులు ఆయనను ముఖ్యముగా కొన్ని చారిత్రక నవలల వలన తలచుకొనుచున్నారు. ఆంధ్రుల పూర్వచరిత్రను రంగముగా గైకొని, వలపును, సాహసమును, వినోదమును కలిపి అల్లిన కథలవి. వానిని చేతబట్టినవారు ఉల్లాసముతో చదివి ముగింతురు. ముగించిన పిమ్మట, ఇందులో నిజమెంత, కల్పన యెంత అను సందేహము వారికి కలుగును. ఆ సందేహమునకు సమాధానము కొంత బాపిరాజు జీవితమునందును, కొంత మన శాసనములయందును లభించును.

బాపిరాజు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భీమవరము ప్రాంతమున జన్మించెను. తల్లి సుబ్బమ్మ, తండ్రి కృష్ణయ్య. నిండుగా ప్రవహించు కాలువలు, పచ్చని వరిచేలు, గట్లవెంట కొబ్బరిచెట్లు గల సీమ అది. సంక్రాంతికి ముంగిట రంగవల్లులును, కోతల వేళ పొలములలో పాటలును బాలుని కన్నులకు, చెవులకు నిత్యపరిచితములు. రంగులయందును, పాటయందును ఆయనకు గల మక్కువకు ఈ సీమయే తొలి గురువని చెప్పవచ్చును.

భీమవరమున పాఠశాల చదువు ముగించుకొని బాపిరాజు రాజమహేంద్రవరములోని ప్రభుత్వ కళాశాలలో చేరెను. అప్పుడు ఆస్వల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ఆ కళాశాలకు అధ్యక్షుడుగా ఉండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. భారతీయ శిల్పమునందును, చిత్రలేఖనమునందును ఆయనకు గాఢమైన అభిమానము. పాశ్చాత్యుల కళలను అనుకరించుటకంటె తమ దేశపు కళలను కన్నులు విప్పి చూచుట మేలని ఆయన తన విద్యార్థులకు బోధించెను. దామెర్ల రామారావు, కవికొండల వేంకటరావు మున్నగు యువకులు ఆయన ప్రోత్సాహముచే పైకి వచ్చినవారే. బాపిరాజు కూడ ఆ శిష్యకోటిలోనివాడు. పాడుపడిన గుడిని చూచినను, విరిగిన శిల్పమును చూచినను, దానిని చెక్కిన కాలపు మనుష్యులు ఎట్లు జీవించిరో ఊహించు అలవాటు ఆయనకు ఈ సాహచర్యమున అలవడినది.

పట్టభద్రుడైన పిమ్మట బాపిరాజు మద్రాసునకేగి న్యాయశాస్త్రమును చదివి, కొంతకాలము భీమవరమున న్యాయవాద వృత్తి నవలంబించెను. కాని ఆ వృత్తియందు ఆయన మనస్సు నిలువలేదు. గాంధీమహాత్ముడు నడపిన సహాయనిరాకరణోద్యమము దేశమంతటను వ్యాపించిన రోజులవి. బాపిరాజు ఆ ఉద్యమమున పాల్గొని కారాగారవాసము అనుభవించెను. తరువాత బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలయందు ప్రమోదకుమార చటర్జీయొద్ద చిత్రలేఖనమును అభ్యసించెను. 1934 మొదలు 1939 వరకు ఆ జాతీయ కళాశాలకే ఆయన అధ్యక్షుడుగా పనిచేసెను.

ఆ కాలము ఆంధ్రదేశ చరిత్రకు మేలుకొలుపు కాలము. కొమఱ్ఱాజు లక్ష్మణరావు మొదలగు పెద్దలు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర గ్రంథములను తెలుగున ప్రచురింపసాగిరి. చిలుకూరి వీరభద్రరావు రచించిన ఆంధ్రుల చరిత్రము 1910 నుండి సంపుటములుగా వెలువడెను. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడెను. పండితులు ఊరూర తిరిగి గుడిగోడలమీది శాసనములను, పొలములలో దొరకిన రాగిరేకులను చదివి, రాజుల వరుసలను, యుద్ధముల కాలములను నిర్ణయింపసాగిరి. తమ పూర్వులు ఘనులని మాత్రమే వినియున్న ఆంధ్రులకు, ఆ ఘనత ఎప్పుడు, ఎక్కడ, ఎవరి వలన కలిగినదో ఆధారములతో తెలియుట ఆరంభమైనది.

అయితే శాసనమునందు సాధారణముగ దాత పేరు, దానము చేసిన తేదీ, భూమి హద్దులు, రాజు బిరుదులు మాత్రమే ఉండును. ఆ రాజు నవ్వినప్పుడెట్లుండెనో, ఆ దాత కుమార్తె ఎవరిని వలచెనో శాసనము చెప్పదు. ఆ మౌనమును పూరింపవలెనను కోరికనుండియే చారిత్రక నవల పుట్టినది. ఐరోపాలో ఈ విధమైన నవలకు మార్గదర్శి సర్ వాల్టర్ స్కాట్. ఆయన మొదటి నవల వేవర్లీ 1814లో వెలువడెను. తన చివరి సంవత్సరములలో ఆయన తన నవలలకు పీఠికలను, వివరణములను చేర్చి, ఏ భాగమునకు ఏ ఆధారము కలదో పాఠకులకు తెలియజేసెను. తెలుగున చిలకమర్తి లక్ష్మీనరసింహము 1896లో రచించిన హేమలత ఈ కోవలో తొలినాటిది. కాని అందలి కథ రాజపుత్రస్థానమునకు సంబంధించినది. ఆంధ్రుల చరిత్రనే ఆధారముగా గొని, వరుసగా పెక్కు నవలలు రచించి, సామాన్యులచే చదివించిన గౌరవము బాపిరాజునకు దక్కినది.

ఆయన చారిత్రక నవలలలో హిమబిందు ప్రసిద్ధమైనది. ఇది శాతవాహనుల కాలపు కథ. ధాన్యకటకమున చారుగుప్తుడను కోటీశ్వరుడైన వర్తకుని కుమార్తె హిమబిందు. ధర్మనంది యను శిల్పి కుమారుడు సువర్ణశ్రీ. వారిరువురి ప్రేమ, రాజ్యమును కూల్చుటకు స్థౌలతిష్యుడు పన్నిన కుట్ర, స్పర్శమాత్రముననే ప్రాణములు తీయు విషకన్య—ఇవి కథను నడపును. శాతవాహనులు చారిత్రక పురుషులు. ధాన్యకటకము నేటి అమరావతి ప్రాంతము. అచ్చటి స్తూపశిల్పములను 1816లో కర్నల్ కాలిన్ మెకంజీ శ్రద్ధతో బొమ్మలు గీయించెను. వానిలో పెక్కు ఇప్పుడు చెన్నపట్టణమునందును, లండను నగరమునందును గల ప్రదర్శనశాలలలో ఉన్నవి. బాపిరాజు తన పాత్రలకు తొడిగిన నగలు, చుట్టిన తలపాగలు, ఎక్కించిన రథములు ఆ శిల్పలోకమునకు చెందినవే. విషకన్య మాత్రము చరిత్రనుండి వచ్చినది కాదు. ముద్రారాక్షసము వంటి ప్రాచీన సాహిత్యమునుండి వచ్చినది.

శాతవాహనుల ఆనవాళ్లు కృష్ణాతీరమున మాత్రమే కలవనుకొనరాదు. తునినుండి నైరుతి దిశగా పిఠాపురమునకు పోవునప్పుడు గొల్లప్రోలు సమీపమున కొడవలి యను గ్రామము కలదు. అచ్చటి కొండపై వాసిష్ఠీపుత్ర చండశాతి యను శాతవాహన రాజు నాటి శాసనము దొరకినది. ఆ మార్గమున పోవువారిలో ఎందరో ఆ కొండను చూచియుందురు. దానిపై ఆ యక్షరములున్నవని ఎరిగినవారు కొందరే. అట్టి మరుగుపడిన అక్షరములకు ప్రాణము పోసి, నలుగురు చెప్పుకొనునట్లు చేయుటయే చారిత్రక నవలాకారుడు చేయదగిన మేలు.

అడవి శాంతిశ్రీ అను నవల యిట్టి ప్రయత్నమునకు చక్కని నిదర్శనము. నాగార్జునకొండలోయలోని శిథిలములు 1926లో పరిశోధకుల దృష్టికి వచ్చినవి. అచ్చట దొరకిన ప్రాకృత శాసనములు ఇక్ష్వాకు రాజులకు సంబంధించినవి. శాంతమూల మహారాజు కుమార్తె పేరు ఆ శాసనములలో అడవి చాంతిసిరి అని కనబడును. ఆమెను మహాసేనాపతి యొకనికిచ్చి వివాహము చేసిరని మాత్రమే వానివలన తెలియును. ఆ యొక్క పేరు బాపిరాజు ఊహను కదలించెను. అడవి యను మాట ఆ రాజకుమారి పేరులో ఎందుకు చేరినది? ఆమె స్వభావమెట్టిది? ఈ ప్రశ్నలనుండి ఆయన ఒక పూర్తి కథను కల్పించెను. పేరు శాసనమునందలిది, ప్రాణము రచయితది.

అంశుమతి అను నవలలో ఆయన వేంగీ దేశమున తూర్పు చాళుక్య రాజ్యము స్థాపింపబడిన కాలమును చిత్రించెను. బాదామి చాళుక్యుడైన రెండవ పులకేశి పిష్టపురమును జయించినట్లు 634వ సంవత్సరపు ఐహోలు శాసనము తెలుపుచున్నది. ఆ పిష్టపురమే నేటి పిఠాపురము. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు ఈ సీమను పాలించి, కొన్ని శతాబ్దములు నిలిచిన రాజవంశమునకు మూలపురుషుడాయెను. ఇదంతయు చరిత్ర. ఆ జయాపజయముల నడుమ ఒక రాజకుమారి హృదయమెట్లు తల్లడిల్లినదో చెప్పుట నవలాకారుని పని.

1940వ దశకమున బాపిరాజు హైదరాబాదునకు చేరి, మీజాన్ అను తెలుగు దినపత్రికకు సంపాదకుడుగా ఉండెను. కాకతీయుల రాజధానియైన ఓరుగల్లునకు అది చేరువ. ఆ దశకముననే ఆయన గోన గన్నారెడ్డి అను నవలను వెలువరించెను. ఆయన చారిత్రక నవలలలో మిక్కిలి ఉల్లాసకరమైనది ఇదియే. కాకతి రుద్రమదేవి ఏలుబడిలో సామంతులు పెక్కురు స్త్రీ పాలనకు లోబడుట అవమానముగా భావించి తిరుగుబాటునకు యత్నింతురు. గన్నారెడ్డి గజదొంగయని దేశమంతటను పేరు మోయును. వరదారెడ్డికిని ఆదవోని రాజకుమారియైన అన్నాంబికకును వివాహము జరుగు వేళ ఆయన మెరుపువలె వచ్చి పెండ్లికుమారుని ఎత్తుకొనిపోవును. దొంగయని లోకము నిందించు ఆ వీరుడు నిజమునకు రుద్రమదేవి రాజ్యమును రహస్యముగా కాపాడుచున్నవాడని పాఠకునకు క్రమముగా తెలియును. అన్నాంబిక హృదయము కూడ ఆయనవైపునకే మరలును. గుఱ్ఱపు స్వారీలు, మారువేషములు, చతుర సంభాషణములు, చిన్న చిన్న అలుకలు—వీనితో కథ పరుగిడి, వివాహమంగళముతో ముగియును.

ఈ కథలో చరిత్రయెంత? రుద్రమదేవి విషయమున సందేహము లేదు. ఆమె గణపతిదేవుని కుమార్తె. పుత్రసంతానము లేని ఆ చక్రవర్తి ఆమెను తన యుత్తరాధికారిణిగా నియమించెను. పెక్కు శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతోనే కనబడును. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రుడు. 1262వ సంవత్సర ప్రాంతమునుండి ఆమె రాజ్యభారమును వహించెను. దేవగిరి యాదవుల దాడిని ఎదుర్కొనెను. సామంతులతో పోరాడెను. స్త్రీ యొకతె సింహాసనమెక్కుట ఆ కాలపు వీరులు కొందరికి మింగుడుపడలేదను విషయమున నవల చరిత్రకు దూరము కాలేదు.

పూర్వకాలపు రచనలన్నియు నిజమే చెప్పుననుకొనుట కూడ పొరపాటు. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రము రుద్రమదేవిని గణపతిదేవుని భార్యగా చెప్పుచున్నది. వెనిసు నగరవాసియైన మార్కోపోలో పదుమూడవ శతాబ్ది చివరిభాగమున మోటుపల్లి రేవు గల ఈ దేశమును వర్ణించుచు, దీనిని పాలించు రాణి మరణించిన రాజుయొక్క భార్యయని, నలువది సంవత్సరములుగా ఏలుచున్నదని వ్రాసెను. ఆమె న్యాయపరిపాలనను ఆయన మెచ్చుకొనెను. కాని ఆమె గణపతిదేవుని కుమార్తె యని గ్రహింపలేదు. ఆమె కాలముననే సంచరించినవానికి పొరపాటు కలిగినప్పుడు, ఆరువందల ఏండ్లు దాటిన పిమ్మట వ్రాయు నవలాకారుడెంత జాగ్రత్త వహింపవలెనో ఊహింపవచ్చును. బంధుత్వము విషయమున బాపిరాజు శాసనములనే అనుసరించెను. ఆయన నవలలో రుద్రమ గణపతిదేవుని కుమార్తెయే.

గన్నారెడ్డి విషయము మఱింత ఆసక్తికరమైనది. గోనవారు వర్ధమానపురమును ఏలిన కాకతీయ సామంతులు. రంగనాథ రామాయణ కర్తయైన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. రాయచూరు కోటగోడలో నలువది యడుగులకు మించిన పొడవు గల ఒక బండ ఉన్నది. దానిపై 1294వ సంవత్సరమునకు చెందిన తెలుగు శాసనము చెక్కబడినది. గోన గన్నారెడ్డి సేనానియైన విఠలుడు ఆదవోని, తుంబళము మున్నగు దుర్గములను జయించి, రాయచూరు ప్రవేశించి, ఆ కోటను కట్టించెనని అది తెలుపుచున్నది. కాబట్టి గన్నారెడ్డి ఊహలో పుట్టినవాడు కాడు. కాని శాసనమునందలి గన్నారెడ్డి 1294లో, ప్రతాపరుద్రుని కాలమున, సేనానులను నడపు ప్రభువు. నవలలోని గన్నారెడ్డి అంతకు ముప్పది యేండ్ల ముందు యువకుడు. 1262లో ఇరువదేండ్లవాడైనచో 1294 నాటికి ఏబదిరెండేండ్లవాడగును. ఇది అసంభవము కాదు; కాని అట్లే జరిగినదనుటకు శాసనము సాక్ష్యమీయదు. ఆయన గజదొంగ వేషము, పెండ్లికుమారుని ఎత్తుకొనిపోవుట, అన్నాంబికతోడి ప్రణయము—ఇవియన్నియు రచయిత కల్పనలే.

కథ ఎక్కడ ముగిసినదో గమనించుట కూడ అవసరము. బాపిరాజు రుద్రమదేవిని యౌవనమున, విజయోత్సాహమున నిలిపి కథను ముగించెను. చరిత్ర ఆమెను అంత సుఖముగా విడిచిపెట్టలేదు. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనము 1289వ సంవత్సరము నవంబరు నెలకు చెందినది. రుద్రమదేవియు, ఆమె సేనానియైన మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందగా, వారి పుణ్యమునకై ఒక సేవకుడు దేవాలయమునకు భూమిని దానము చేసెనని అది చెప్పుచున్నది. కాయస్థ అంబదేవునితోడి యుద్ధమున ఆ వృద్ధ రాణి నేలకొరిగియుండునని పలువురు చరిత్రకారులు ఊహించుచున్నారు. ఈ శాసనము పండితుల దృష్టికి వచ్చినది బాపిరాజు మరణించిన పిమ్మటనే. అంతకు ముందు ఆమె మఱికొన్ని సంవత్సరములు పాలించెనని చరిత్ర గ్రంథములే తలచినవి. కావున తన కాలమునకు తెలియని విషయమును వ్రాయలేదని రచయితను తప్పుపట్టరాదు. చరిత్రయే దినదినము దిద్దుబాటు చెందుచుండును.

బాపిరాజు బ్రతికియున్న కాలముననే ఇంగ్లండులో జార్జెట్ హేయర్ అను రచయిత్రి ఇట్టి పనినే మఱియొక విధముగా చేయుచుండెను. ఆమె 1902లో పుట్టి 1974లో మరణించినది. మూడవ జార్జి రాజునకు మతి చలించుటచే, ఆయన కుమారుడు 1811 మొదలు 1820 వరకు తండ్రికి ప్రతినిధిగా పాలించెను. దానిని రీజెన్సీ కాలమందురు. ఆ కాలపు ప్రభువుల విందులు, నృత్యములు, వలపులు, పెండ్లి సంబంధములు ఆమె వినోద నవలలకు వస్తువులు. కథలు తేలికైనవే, కాని బండి యెట్టిదో, టోపీ అంచు ఎంత వెడల్పో, దుస్తుల వెల యెంతో ఆమె ఆ కాలపు పత్రములు చూచి పుస్తకములలో వ్రాసికొని మఱి కథ చెప్పెడిది. 1937లో ఆమె ప్రచురించిన నవలలోని వాటర్లూ యుద్ధ వర్ణనమును సైనిక విద్యాలయమున కూడ చదివించిరని ప్రసిద్ధి. అయినను ఆ నవలలు ధనికుల మేడలనే చూపును; ఆ కాలపు మిల్లులలో పనిచేసిన పసిపిల్లలను చూపవు. చిన్న వివరములన్నియు సరిగా ఉన్నను, కాలము మొత్తము కనబడకపోవచ్చునని దీనివలన తెలియుచున్నది.

చారిత్రక కథలో పొరపాట్లు రెండు విధములుగా దొరలును. మొదటిది వస్తువుల విషయమున. మిరపకాయ మన దేశమునకు పోర్చుగీసువారు వచ్చిన పిమ్మటనే చేరినది. వారు 1498లో వచ్చిరి. కావున రుద్రమదేవి విందులో మిరపకాయ పచ్చడి వడ్డించిన కథకుడు నవ్వులపాలగును. ఆనాటి వంటలో కారము మిరియములది. పొగాకు, వేరుసెనగ, టమాట కూడ అట్లే తరువాత వచ్చినవి. రెండవది మనస్సుల విషయమున. నేటివారి ఆలోచనలను, ఆశలను నాటివారికి అంటగట్టుట సులభము. మొదటి పొరపాటును పాఠకుడు ఇట్టే పట్టుకొనగలడు. రెండవది కథ వేగమున కనబడకుండ సాగిపోవును. బాపిరాజు నవలలలోని యువతీ యువకులు కొన్నియెడల పదుమూడవ శతాబ్దివారివలె గాక, స్వాతంత్ర్యోద్యమ కాలపు ఆంధ్ర విద్యార్థులవలె మాటలాడుదురు. ఆంధ్రులందరు ఒక్కటి కావలెనను వారి తపన రచయిత కాలమునాటిది.

వస్తువుల విషయమున బాపిరాజునకు ఆయన చిత్రకళ తోడ్పడినది. చిత్రకారుడు స్త్రీ నగవేసికొన్నదని వ్రాసి ఊరకుండలేడు. ఆ నగ ఆకృతి ఆయనకు కావలెను. కాకతీయుల కాలమునకు అట్టి ఆధారములు కొల్లలుగా ఉన్నవి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి స్తంభములపై, కప్పులపై నర్తకుల భంగిమలు నేటికిని నిలిచియున్నవి. గణపతిదేవుని గజసేనాధిపతియైన జాయప నృత్తరత్నావళి అను నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను. పాల్కురికి సోమనాథుని కావ్యములు ఆ కాలపు ఆటలను, పాటలను, తిండిని పేర్లతో సహా తెలుపును. ఇన్ని ఆధారములుండగా ఊహకు మాత్రమే పనిపెట్టవలసిన అవసరము లేదు. బాపిరాజు ఊహ శిల్పమును, కావ్యమును ఆసరాగా గొని నడచినందుననే ఆయన వర్ణనలు కన్నులకు కట్టినట్లుండును.

ఆయన ప్రతిభ చారిత్రక నవలలకే పరిమితము కాలేదు. సాంఘిక నవలయైన నారాయణరావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జరిపిన పోటీలో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలతో పాటు బహుమతిని పంచుకొనెను. తుపాను, కోనంగి మున్నగు నవలలను, పెక్కు కథలను ఆయన రచించెను. శశికళ అను పేర గీతములు వ్రాసెను. గోదావరి పొంగును గూర్చి ఆయన కట్టిన పాట పల్లెపల్లెకు ప్రాకినది. 1936లో వెలువడిన అనసూయ, ధ్రువవిజయము అను చలనచిత్రములకు కళాదర్శకుడుగా పనిచేసెను. స్నేహశీలియని, సరసుడని ఆయనకు పేరు. 1952వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఏబదియేడవ యేట, ఆయన మరణించెను. ఆంధ్రరాష్ట్రము మరుసటి యేడు ఏర్పడెను. దానిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

ఆయన పాత్రలు మాత్రము ఆయనతో అంతరింపలేదు. 2015లో రుద్రమదేవి అను చలనచిత్రము వెలువడినప్పుడు అందులోను గోన గన్నారెడ్డి గజదొంగగానే తెరపైకి వచ్చెను. దానిని చూచిన పిల్లలు అనేకులు గన్నారెడ్డి నిజముగా అట్లే సంచరించెనని నమ్మియుందురు. కథకున్న బలమిట్టిది, అందలి ప్రమాదమును ఇట్టిదే. బండపై చెక్కిన శాసనము ఏడువందల యేండ్లుగా నిలిచియున్నను చదువువారు కొందరే. కథలోని గజదొంగ నిన్న పుట్టినవాడైనను ఇంటింట తెలిసినవాడు. కథను చరిత్రయని నమ్మినచో, అసలు చరిత్రను వెదకువారు ఉండరు. కథయే లేనిచో, వెదకవలెనను కోరికయే పుట్టదు.

కావున బాపిరాజు నవలలను చదువు విద్యార్థులు రెండు పనులు చేయవలెను. మొదట కథను కథగా ఆనందింపవలెను. అన్నాంబిక అలుకకు నవ్వవలెను. హిమబిందు కష్టమునకు కరగవలెను. పిమ్మట పుస్తకమును మూసి, ఇందు ఏ పేరు శాసనమున కలదు, ఏ సంఘటనకు సాక్ష్యము కలదు, ఏది రచయిత సొంతము అని విచారింపవలెను. మన గ్రామములలోని గుడిగోడలపై, కొండరాళ్లపై, ఎవ్వరును చదువని అక్షరములు ఇంకను ఎన్నో ఉన్నవి. నవలను ముగించిన బాలుడొకడు లేచి ఆ అక్షరములయొద్దకు నడచినచో, బాపిరాజు పడిన శ్రమ ఫలించినట్లే.